ఆజీ ఆస్‌బోర్న్ తొలి సోలో ఆల్బమ్: నా సీడీలో ఒక బేస్, ఫోన్‌లో ఇంకో బేస్. ఎందుకు?

మధు_మారతహళ్ళి

అందరికీ నమస్కారం. బ్లాక్ సబ్బత్ అనే మెటల్ బ్యాండ్ నుంచి బయటికి వచ్చాక ఆజీ ఆస్‌బోర్న్ చేసిన మొదటి ఆల్బమ్ 'బ్లిజర్డ్ ఆఫ్ ఆజ్' గురించి ఒక సందేహం.

నేను బేస్ గిటార్ నేర్చుకుంటున్నాను. ఫోన్‌లో విని 'క్రేజీ ట్రెయిన్' బేస్ లైను పట్టుకున్నాను. మొన్న బెంగళూరు చర్చ్ స్ట్రీట్‌లో ఈ ఆల్బమ్ పాత సీడీ దొరికితే కొన్నాను. దాంతో కలిపి వాయిస్తే కుదరడం లేదు. వేరే టేక్, అంటే ఇంకోసారి చేసిన రికార్డింగ్ అనుకుందామంటే గొంతు అదే, గిటార్ సోలో అక్షరం పొల్లు పోకుండా అదే. బేస్, డ్రమ్స్ మాత్రమే వేరు. సీడీ వెనక 2002 అని ఉంది. తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి.

కోలారు_కిరణ్

2002 అయితే అది మార్చిన వెర్షన్ బ్రో. అందులో బేస్ రాబర్ట్ ట్రుహీయో, డ్రమ్స్ మైక్ బోర్డిన్. 1980లో వాయించిన అసలువాళ్ళు బాబ్ డేస్లీ, లీ కెర్స్‌లేక్.

మధు_మారతహళ్ళి

ట్రుహీయో అంటే మెటాలికా బ్యాండ్‌లో బేస్ వాయించే ట్రుహీయోనా? ఇరవై ఏళ్ళ పాత ఆల్బమ్‌లో కొత్తవాళ్ళతో ఎందుకు వాయించారు?

పాత_కేసెట్

అవును మధూ, ఆ ట్రుహీయోనే. 2011 అక్టోబర్ 30న మన ప్యాలెస్ గ్రౌండ్స్‌లో మెటాలికాతో వచ్చి వాయించినతనే. 2002లో అతను ఆజీ దగ్గర ఉండేవాడు, మెటాలికాలో చేరింది 2003లో. మొదటినుంచి చెప్తాను. మధ్యలోంచి వింటే ట్రుహీయో మీద కోపం వస్తుంది, అది న్యాయం కాదు. అప్పగించిన పని అతను చేశాడు.

'బయటికి వచ్చాక' అని రాశావు. ఆజీ తనంతట తాను రాలేదు, పంపించేశారు. 1979 ఏప్రిల్‌లో తాగుడు, డ్రగ్స్ మితిమీరిపోయి రికార్డింగ్ పని ముందుకు సాగక సబ్బత్ మిగతా ముగ్గురూ అతన్ని తీసేశారు. అప్పటికి ఆజీకి 30 ఏళ్ళు. లాస్ ఏంజిలస్‌లో ఒక హోటల్ గదిలో నెలల తరబడి తలుపులేసుకుని తాగుతూ కూర్చున్నాడు. తన పని అయిపోయిందనే అనుకున్నాడు. మేనేజర్ డాన్ ఆర్డెన్ కూతురు షారన్ అతన్ని ఆ గదిలోంచి లేపి మళ్ళీ పాటలో పెట్టింది. 1982లో వాళ్ళిద్దరూ పెళ్ళి చేసుకున్నారు.

రాండీ రోడ్స్ దొరికింది ఆ ఊళ్ళోనే. క్వయెట్ రయట్ అనే బ్యాండ్‌లో గిటారిస్టు. ఆ బ్యాండ్‌తో అతను చేసిన రెండు ఆల్బమ్‌లూ జపాన్‌లో తప్ప ఎక్కడా విడుదల కాలేదు. వాళ్ళమ్మ డెలోరెస్ నార్త్ హాలీవుడ్‌లో మ్యూజిక్ స్కూల్ నడిపేది. రాండీ అక్కడ పిల్లలకు గిటార్ నేర్పేవాడు. వయసు 22. పేరు ఎవరికీ తెలియని కుర్రాడు, పేరు పాడైపోయిన గాయకుడు, ఇద్దరూ అలా కలిశారు.

మిగతా జట్టు ఇంగ్లండ్‌లో కుదిరింది. బేస్‌కి బాబ్ డేస్లీ, ఆస్ట్రేలియావాడు, అంతకుముందు రెయిన్‌బోలో వాయించాడు. డ్రమ్స్‌కి యురయా హీప్‌లో చాలా ఏళ్ళు చేసిన లీ కెర్స్‌లేక్. కీబోర్డ్స్‌కి డాన్ ఎయిరీ. ఆయన తర్వాత డీప్ పర్పుల్‌కి వెళ్ళాడు. 1980లో సర్రే ప్రాంతంలోని రిడ్జ్ ఫామ్ స్టూడియోలో రికార్డింగ్. ఇంజినీరు మ్యాక్స్ నార్మన్. నిర్మాతలుగా అట్ట మీద నాలుగు పేర్లున్నాయి: ఆజీ, రాండీ, డేస్లీ, కెర్స్‌లేక్. ఈ నాలుగు పేర్లూ గుర్తుంచుకో, తర్వాత పనికొస్తాయి.

1980 సెప్టెంబర్‌లో జెట్ రికార్డ్స్ దాన్ని బ్రిటన్‌లో విడుదల చేస్తే 7వ స్థానం దాకా వెళ్ళింది. అమెరికాలో 1981లో వచ్చింది, అక్కడ 21 దాకానే ఎక్కినా ఏళ్ళ తరబడి అమ్ముడుపోతూనే ఉంది. 40 లక్షలకు పైగా పోయింది.

తర్వాత డేస్లీకి, కెర్స్‌లేక్‌కి రాయల్టీల మీద ఆస్‌బోర్న్‌లతో కోర్టు తగాదా నడిచింది. అది నడుస్తుండగానే 2002లో ఆల్బమ్‌ని మళ్ళీ విడుదల చేస్తూ వాళ్ళిద్దరి వాయిద్యాన్ని తీసేసి, ట్రుహీయోతో, బోర్డిన్‌తో కొత్తగా వాయించి పెట్టారు. రెండో ఆల్బమ్ 'డైరీ ఆఫ్ ఎ మ్యాడ్‌మన్'కీ అదే జరిగింది. 2003లో కోర్టు వాళ్ళ కేసు కొట్టేసింది. అభిమానులు మాత్రం ఒప్పుకోలేదు. చివరికి 2011 రీ-ఇష్యూలో అసలు బేస్, అసలు డ్రమ్స్ వెనక్కి వచ్చాయి.

నువ్వు ఫోన్‌లో విని నేర్చుకున్నది డేస్లీ లైను. దాన్ని వదలకు.

హోసూరు_రోడ్డు_హరి

అన్నా, చాలా బాగా చెప్పారు. ఒక్క విషయంలో మాత్రం నా అభిప్రాయం వేరు. ఇది ఆజీ సోలో ఆల్బమ్. అట్ట మీద ఉన్నది ఆజీ బొమ్మ. హోటల్ గదిలో చచ్చిపోయే స్థితి నుంచి లేచింది ఆజీ. ఆల్బమ్ పోయి ఉంటే పరువు పోయేది కూడా ఆజీదే. డేస్లీ ఇంకో బ్యాండ్‌లో చేరిపోయేవాడు, కెర్స్‌లేక్ కూడా అంతే.

ఇంకోటి. 1982 మార్చి 19న ఫ్లోరిడాలో విమానం కూలి రాండీ 25 ఏళ్ళకే పోయాడు. ఆ తర్వాత ఎంతమంది గిటారిస్టులు మారినా ఆజీ ఆల్బమ్‌లు ఆడుతూనే వచ్చాయి. 2025 జులై 5న బర్మింగ్‌హామ్‌లోని విల్లా పార్క్‌లో నిలబడలేక సింహాసనం లాంటి కుర్చీలో కూర్చుని పాడాడు. ఆ నెల 22నే పోయాడు. ఆ రోజు లోకమంతా ఏడ్చింది ఆ గొంతు కోసం. జట్టులో అందరూ మారినా మారనిది ఆ గొంతు ఒక్కటే. అందుకే ఇది అతని ఆల్బమ్ అంటాను.

పాత_కేసెట్

హరీ, ఆ గొంతు మీద ప్రేమ నాకూ తక్కువేం లేదు. కానీ ఒక సంగతి చూడు. సబ్బత్‌లో ఆజీ పాడిన మాటలు చాలా మటుకు ఎవరు రాశారు? బేస్ వాయించే గీజర్ బట్లర్. ఈ ఆల్బమ్‌లో మాటలు ఎవరివి? చాలా మటుకు మళ్ళీ బేస్ వాయించే డేస్లీవే. 'క్రేజీ ట్రెయిన్' కోల్డ్ వార్ భయం మీద రాసిన పాట. అణుబాంబుల మధ్య పుట్టిన తరం ఆ పిచ్చిని వారసత్వంగా మోస్తోందన్న ఆలోచన. అది డేస్లీది. ఆజీ నోట విన్నాం కాబట్టి ఆజీ ఆలోచన అనుకున్నాం.

ఆజీ వాటా ఏమిటంటే మెలొడీలు. ఎక్కడ గొంతు ఎత్తాలో, ఎక్కడ సాగదీయాలో అతనికి పుట్టుకతో తెలుసు. 'గుడ్‌బై టు రొమాన్స్' వరస అతనిదే. సబ్బత్‌కి వీడ్కోలు అది. తీసేసిన స్నేహితుల మీద ఒక్క తిట్టు లేదు అందులో.

మన ఆకాశవాణిలో పాట వేసేముందు చిత్రం, రచన, సంగీతం, గానం అని వరసగా చెప్పేవాళ్ళు. ఆ అలవాటులో పెరిగినవాణ్ణి. ఎవరి పేరు చెప్పినా ఇంకొకరి పేరు తగ్గిపోదు. అదే నా బాధ.

లావణ్య_కొత్తగా

నేను మెటల్ వినను. ఆజీ పోయినప్పుడు ఆఫీసులో అందరూ మాట్లాడుకుంటే కుతూహలం కలిగింది. ఈ ఆల్బమ్ ఎక్కడ మొదలుపెట్టాలి? భయంకరంగా ఉంటుందా?

కోలారు_కిరణ్

అస్సలు భయపడొద్దు. 'గుడ్‌బై టు రొమాన్స్'తో మొదలుపెట్టండి, నెమ్మదైన పాట. దాని తర్వాత 'డీ' వస్తుంది. నిమిషం కూడా ఉండదు, ఒక్క క్లాసికల్ గిటార్. రాండీ వాళ్ళమ్మ పేరు మీద చేశాడు. ఆ రెండూ నచ్చితే 'మిస్టర్ క్రౌలీ'. మొదట్లో డాన్ ఎయిరీ కీబోర్డ్స్ చర్చిలో ఆర్గన్ వాయిస్తున్నట్టు ఉంటాయి. 'క్రేజీ ట్రెయిన్' చివర్లో వినండి.

వయొలిన్_వాణి

లావణ్య గారూ, మీకు కర్ణాటక సంగీతం కొంచెం తెలిసినా ఈ ఆల్బమ్ తొందరగా దగ్గరవుతుంది. నాకు దారి చూపించింది అదే, అందుకని కాస్త వివరంగా రాస్తాను.

'క్రేజీ ట్రెయిన్' మొదట్లో వచ్చే ప్రసిద్ధమైన గిటార్ రిఫ్, అంటే మళ్ళీ మళ్ళీ వచ్చే చిన్న స్వర వరస, ఎఫ్ షార్ప్ మైనర్‌లో ఉంది. ఎఫ్ షార్ప్‌ని షడ్జమం అనుకుంటే అందులోవి నఠభైరవి స్వరాలు. 20వ మేళకర్త. చతుశ్రుతి రిషభం, సాధారణ గాంధారం, శుద్ధ మధ్యమం, పంచమం, శుద్ధ ధైవతం, కైశికి నిషాదం. చీకటిగా, తరుముతున్నట్టు ఉంటుంది. పాట మొదలవగానే ఆ చీకటి ఒక్కసారిగా విచ్చుకుంటుంది. ఎందుకు? చరణం ఏ మేజర్‌కి మారింది. ఇప్పుడు ఏ షడ్జమం. ఏ అంటే ఇందాకటి నఠభైరవిలో గాంధారం. నఠభైరవి గాంధారాన్ని షడ్జమం చేస్తే వచ్చేది శంకరాభరణం! మన గ్రహభేదమే. ఏడు స్వరాల్లో ఒక్కటీ మారలేదు, ఆధారం మారిందంతే. పిచ్చెక్కిపోతున్న లోకం గురించిన పాటకి రిఫ్‌లో భయం, చరణంలో దాదాపు ఉల్లాసం. ఆ రెండూ ఒకే స్వరాల్లోంచి తీశారు.

ఇది రాగం అనను. గమకాలు లేవు, సంచారాలు లేవు, ఇది స్కేల్ మాత్రమే. కానీ చెవికి తలుపు తెరుచుకోవడానికి చాలు.

'మిస్టర్ క్రౌలీ' డి మైనర్. చాలా చోట్ల నఠభైరవి స్వరాలే. కానీ ఏ మేజర్ కార్డ్ వచ్చినప్పుడల్లా సీ షార్ప్ వస్తుంది, అంటే కాకలి నిషాదం. అక్కడ కీరవాణి తొంగిచూస్తుంది. చివరి సోలోలో కార్డ్స్ ఒకదాన్నుంచి ఒకటి వరసగా దిగుతూ ఉంటే రాండీ వాటిలో ప్రతిదాన్నీ పలకరించుకుంటూ పోతాడు. స్పీడ్ కోసం ఒక్క స్వరం వాయించలేదు. రేడియోల్లో సోలో రాగానే పాట తగ్గించేస్తే నాకు నిజంగా కోపం వస్తుంది.

హెడ్‌ఫోన్స్ పెట్టుకుని రాండీ సోలోలు వినండి. అతను అదే సోలోని మళ్ళీ మళ్ళీ వాయించి ఒకదాని మీద ఒకటి వేశాడు. ఒకసారి వాయించిందాన్ని మెషీన్‌తో కాపీ చేయలేదు. ఆ వేగంలో, తీగని లాగి స్వరం వంచే ఆ బెండ్‌లతో, రెండోసారీ మూడోసారీ అచ్చం అలాగే వాయించాలంటే ఎంత సాధన ఉండాలో వాయిద్యం పట్టుకున్నవాళ్ళకి తెలుస్తుంది.

మధు_మారతహళ్ళి

అక్కా, ఇప్పుడే మళ్ళీ విన్నాను. చరణంలో బేస్ ఏ మీదే నిలబడి ఉంటుంది, పైన కార్డ్స్ మారుతుంటాయి. నేను దాన్ని సులువైన భాగం అనుకుని తొందరగా దాటేసేవాణ్ణి. షడ్జమాన్ని నిలబెట్టే పని బేస్ చేస్తోందన్నమాట!

వయొలిన్_వాణి

సరిగ్గా పట్టుకున్నావు మధూ. అక్కడ తంబూరా నువ్వే.

డ్రమ్స్_రఫీ

డ్రమ్స్ గురించి ఎవరూ రాయలేదు, నేను రాస్తాను.

మైక్ బోర్డిన్ గొప్ప డ్రమ్మర్. ఫెయిత్ నో మోర్‌లో అతని వాయిద్యం విని పెరిగినవాణ్ణి. కానీ 2002 వెర్షన్‌లో ఏదో అతకదు, ఎందుకో ఆలోచించాను. 1980లో ఆ నలుగురూ కలిసి పాటలు కట్టారు. రిహార్సల్ గదిలో కెర్స్‌లేక్ కొంచెం వెనక్కి లాగితే రాండీ దానికి తగ్గట్టు ఆగాడు, డేస్లీ ముందుకు తోస్తే గిటార్ కూడా కదిలింది. రాండీ చేతులు ఆ డ్రమ్స్ విని కదిలిన చేతులు. 2002లో ఆ గిటార్‌ని అలాగే ఉంచి కింద కొత్త డ్రమ్స్ పెట్టారు. బోర్డిన్ రాండీని వినగలడు, కానీ రాండీ బోర్డిన్‌ని వినలేడు. ఆయన పోయి అప్పటికే 20 ఏళ్ళు. ఒక వైపు నుంచే మాట్లాడుకునే వాయిద్యం ఎంత శుభ్రంగా ఉన్నా బ్యాండ్ అవ్వదు. 'ఐ డోంట్ నో' రెండు వెర్షన్లూ వెనకా ముందూ పెట్టి వినండి, తేడా తెలుస్తుంది.

కెర్స్‌లేక్ గురించి ఇంకొకటి చెప్పాలి. ఆయనకి క్యాన్సర్ వచ్చింది. చివరి రోజుల్లో ఆయన కోరిన కోరిక, ఈ రెండు ఆల్బమ్‌ల ప్లాటినం డిస్కులు తన గోడ మీద ఉండాలని. అదే అడుగుతూ షారన్‌కి, ఆజీకి ఉత్తరం రాశాడు. కోర్టులో పోట్లాడుకున్నవాళ్ళకే రాశాడు. వాళ్ళూ కాదనలేదు, 2019 జనవరిలో డిస్కులు ఆయన చేతికి వచ్చాయి. 2020 సెప్టెంబర్ 19న పోయాడు. అది చదివిన రోజు నేను ప్రాక్టీసు చేయలేకపోయాను.

హోసూరు_రోడ్డు_హరి

రఫీ భాయ్, ఆ డిస్కుల సంగతి నాకు తెలియదు. ఇచ్చినందుకు ఆజీ మీద గౌరవం ఇంకా పెరిగింది.

ఒక ప్రశ్న. పాటల క్రెడిట్స్‌లో కెర్స్‌లేక్ పేరు ఉందా?

డ్రమ్స్_రఫీ

ఒక్క 'నో బోన్ మూవీస్'లో ఉంది. నిర్మాతగా మాత్రం ఆల్బమ్ మొత్తానికి ఉంది.

చిత్తూరు_లాయరమ్మ

కోర్టు తగాదా గురించి రెండు మాటలు. ఆ కేసు అమెరికాది, దాని లోతుల్లోకి వెళ్ళను. మన బెంగళూరులో బ్యాండ్‌లలో వాయించే పిల్లలు ఈ థ్రెడ్ చదువుతున్నారు కాబట్టి మన చట్టం చెప్తాను.

మన కాపీరైట్ చట్టంలో పాట రాసినవాళ్ళకి, వరస కట్టినవాళ్ళకి ఒక రకం హక్కులు, పాడినవాళ్ళకి, వాయించినవాళ్ళకి వేరే హక్కులు. 2012లో చట్టం సవరించినప్పుడు 38బీ అనే సెక్షన్ చేర్చారు. దాని ప్రకారం ప్రదర్శకుడికి రెండు నైతిక హక్కులున్నాయి. తన ప్రదర్శన తనదేనని గుర్తింపు కోరవచ్చు. తన పరువుకి భంగం కలిగేలా ఆ ప్రదర్శనని వక్రీకరించినా, కత్తిరించినా అభ్యంతరం చెప్పవచ్చు. హక్కులు రాసిచ్చేసిన తర్వాత కూడా ఇవి ఉంటాయి. కొన్ని మినహాయింపులూ ఉన్నాయి, ఎడిటింగ్ కోసం కత్తిరించినంత మాత్రాన వక్రీకరణ కాదు.

డబ్బు సంగతి మాత్రం ప్రధానంగా మీరు సంతకం పెట్టిన కాగితం మీద ఆధారపడుతుంది. స్నేహితులం కదా, కాగితాలెందుకు అనుకోకండి. స్నేహంగా ఉన్నప్పుడే రాసుకోవాలి. ఎవరు మాటలు రాశారు, ఎవరు వరస కట్టారు, ఎవరికెంత వాటా, ఒకరు బయటికి వెళ్తే బ్యాండ్ పేరు ఎవరిది. ఒక పేజీ చాలు. నా దగ్గరికి వచ్చే సంగీతకారుల్లో చాలామందికి ఆ పేజీ ఉండదు, వాళ్ళ ముఖాలు చూస్తే బాధేస్తుంది.

కోలారు_కిరణ్

బ్యాండ్ పేరు ఎవరిది అన్నారు కాబట్టి గుర్తొచ్చింది. అసలు 'బ్లిజర్డ్ ఆఫ్ ఆజ్' అనేది బ్యాండ్ పేరని డేస్లీ ఎప్పటినుంచో చెప్తున్నాడు. మనం ఆల్బమ్ పేరనుకుంటున్నది. అట్ట మీద ఆజీ పేరు పెద్దగా పడింది, అక్కణ్ణుంచి అది సోలో ఆల్బమ్ అయిపోయింది.

అందరు గాయకుల కథా ఇలా ఉండదు. పీటర్ గేబ్రియల్ 1975లో జెనెసిస్ వదిలేశాడు, తనంతట తనే. 1977లో తొలి సోలో ఆల్బమ్. అందులో 'సోల్స్‌బరీ హిల్' బ్యాండ్ వదిలిన సంగతే. బ్రూస్ డికిన్సన్ అయితే ఐరన్ మెయిడెన్‌లో ఉండగానే 1990లో సోలో చేశాడు. దానికి గిటార్ వాయించిన జానిక్ గెర్స్ ఆ ఏడాదే మెయిడెన్‌లోకి వచ్చాడు. 1993లో బ్రూస్ వెళ్ళిపోయినా గెర్స్ ఉండిపోయాడు, 1999లో బ్రూస్ తిరిగొచ్చాడు. 2007 మార్చిలో ప్యాలెస్ గ్రౌండ్స్‌లో ఇద్దరినీ ఒకే స్టేజీ మీద చూశాం.

వయొలిన్_వాణి

'సోల్స్‌బరీ హిల్' ఏడు అక్షరాల నడక. మిశ్ర చాపు తెలిసినవాళ్ళు చేత్తో తాళం వేస్తూ వినండి, ఎంత హాయిగా కుదురుతుందో.

పాత_కేసెట్

హరి అడిగిన క్రెడిట్స్ సంగతిలో ఇంకా పెద్దది ఒకటుంది. రెండో ఆల్బమ్ 'డైరీ ఆఫ్ ఎ మ్యాడ్‌మన్' 1981లో వచ్చింది. వాయించింది డేస్లీ, కెర్స్‌లేక్. కానీ విడుదలకు ముందే ఇద్దర్నీ తీసేశారు. అట్ట మీద వాళ్ళ స్థానంలో కొత్తగా చేరిన రూడీ సార్జో, టామీ ఆల్‌డ్రిడ్జ్ పేర్లు, ఫొటోలు వేశారు. ఆ ఇద్దరూ ఆ ఆల్బమ్‌లో ఒక్క దెబ్బ కూడా వాయించలేదు. ఏళ్ళ తరబడి ప్రపంచమంతా కుర్రాళ్ళు ఆ బేస్ నేర్చుకుంటూ సార్జోని మెచ్చుకున్నారు.

2002లో జరిగింది అందుకే నన్ను అంత కుదిపింది. మొదట పేరు తీసేశారు, తర్వాత వాయిద్యమే తీసేశారు.

హోసూరు_రోడ్డు_హరి

అన్నా, పాడినవాడిదే ఆల్బమ్ అన్న మాట మీద నేను ఇంకా ఉన్నాను. కానీ వాయించనివాళ్ళ ఫొటోలు వేయడం ఏ లెక్కన చూసినా తప్పే. ఆజీని ఎంత ప్రేమించినా దీన్ని సమర్థించను.

అయినా నాకు అనిపించేది ఒకటి. ఈ నలుగురూ కలిసి ఉన్నది చాలా తక్కువ కాలం. ఆ కొద్ది కాలంలోనే రెండు ఆల్బమ్‌లు. విడదీయకుండా ఉండి ఉంటే, రాండీ బతికి ఉంటే ఎంత సంగీతం వచ్చేదో. అది తల్చుకుంటే మనసు బరువెక్కుతుంది.

లావణ్య_కొత్తగా

'గుడ్‌బై టు రొమాన్స్' విన్నాను. తర్వాత 'డీ', తర్వాత 'రివిలేషన్'. మీరు చెప్పనే లేదు, 'రివిలేషన్' మధ్యలో పియానో వచ్చి, మళ్ళీ చివర్లో గిటార్ ఉరుకు అందుకునే చోటు! మూడు సార్లు వెనక్కి తిప్పాను. కొత్త సీడీ కొనాలంటే ఏది కొనాలి?

కోలారు_కిరణ్

వెనక ఏ సంవత్సరం ఉందో చూడండి. 2002 అయితే వద్దు. 2011 లేదా ఆ తర్వాతది అయితే కళ్ళు మూసుకుని కొనండి. 2002 కన్నా ముందువి, పాత కేసెట్, ఎల్‌పీ, 80ల్లో, 90ల్లో వచ్చిన సీడీలు అన్నిట్లోనూ అసలు వాయిద్యమే. బోనస్ పాట ఉందా లేదా అని చూసి తేల్చుకోకండి, 2002లోనూ 2011లోనూ బోనస్ ఉంది.

డ్రమ్స్_రఫీ

మధూ, శనివారం సాయంత్రం హెచ్‌ఎస్‌ఆర్‌లో మా జామ్ ఉంది. మా బేసిస్టు ఊరెళ్ళాడు. 'క్రేజీ ట్రెయిన్', 'ఐ డోంట్ నో' వాయిద్దాం, 1980 లైన్లతోనే. వాణక్కా, మీరు వయొలిన్ తెస్తే 'మిస్టర్ క్రౌలీ' కీబోర్డ్ భాగం మీరు తీసుకోండి. హరీ, పాడేవాడు లేడు, నువ్వు రావాలి.

హోసూరు_రోడ్డు_హరి

వస్తాను భాయ్. స్కేల్ ఒక మెట్టు దించితే పాడగలను.

వయొలిన్_వాణి

నేనూ వస్తాను. స్కేల్ దించితే ముందే చెప్పండి, తీగలు సరిచేసుకోవాలి.

మధు_మారతహళ్ళి

తప్పకుండా వస్తాను అన్నా. చరణంలో ఏ వదలను. ఒక మెట్టు దిగితే జీ అవుతుందా?

డ్రమ్స్_రఫీ

జీయే. రిఫ్ ఈ మైనర్‌లోకి వస్తుంది. ఆంప్ ఇక్కడ ఉంది, కేబుల్ మాత్రం తెచ్చుకో.